పన్నెండో రోజు ఆగిపోయే రాత గురించి

హుజూరాబాద్ నుంచి ఒక ప్రైవేటు బడి సారు అడిగిన ప్రశ్న ఇది. రోజుకో పోస్టు, ఒక్కోటి 800 పదాలు అనుకుని మూడుసార్లు మొదలుపెట్టారట. మూడుసార్లూ పది, పన్నెండు రోజులకే ఆగిపోయిందట. పొద్దున రాయాలా, రాత్రి రాయాలా? ఎన్ని పదాలు? ఏమీ తోచని రోజు ఏం చేయాలి? సొంత పేరుతో రాయాలా, కలం పేరు పెట్టుకోవాలా? ఇవీ ఆయన సందేహాలు.

ముందు సూటిగా జవాబు చెప్తాను సార్. రోజూ రాయండి, కానీ రోజూ పోస్టు పెట్టకండి. రోజుకు 25 నిమిషాలు, 200 పదాలు చాలు. జనానికి చూపించేది వారానికి రెండే. రాతకు గడియారంలో టైము పెట్టుకోకండి, మీ ఇంట్లోనో బడిలోనో రోజూ ఎట్లాగూ జరిగే పనికి దాన్ని ముడివేయండి. రేపు దేని మీద రాస్తారో ఇవాళ పడుకునే ముందే ఒక్క లైను రాసిపెట్టుకోండి. మీరు పన్నెండో రోజు ఆగిపోతున్నది బద్ధకం వల్ల కాదని నా అనుమానం. మనసులో ముందునుంచీ ఉన్న సరుకు అప్పటికి అయిపోయింది, కొత్తది రాలేదు.

నేనేమీ పేరున్న రచయిత్రిని కాను. హన్మకొండ మాది, ఉద్యోగం అకౌంట్స్ సెక్షన్‌లో. 2014 నుంచి తిండి గురించి, ఊళ్ల గురించి, మార్కెట్ గురించి చిన్న చిన్నవి రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు పూర్తిగా ఆగిపోయాను కూడా. కాబట్టి ఆగిపోవడం గురించి నాకు బాగానే తెలుసు.

మొదటి ఆరేళ్లు నా రాత అంతా రైల్లోనే. కాజీపేటలో ఎక్కి సికింద్రాబాద్‌లో దిగే పాసు బ్యాచ్ మాది. సుమారు 130 కిలోమీటర్లు. జనగామ దాకా ముచ్చట్లు, చాయ్, నిన్నటి ఆఫీసు గొడవలు. జనగామ దాటాక సగం మంది కునుకు తీస్తారు. నేను ఫోను తీసేదాన్ని. పెంబర్తి, ఆలేరు, రాయగిరి వెళ్లిపోతాయి. కిటికీలోంచి భువనగిరి గుట్ట, ఆ నున్నటి ఒంటి బండ, కనిపించగానే ఆపేసేదాన్ని. వాక్యం మధ్యలో ఉన్నా సరే ఆపడమే. ఆ అరగంటే నా రాత. ఏ రోజూ "ఇవాళ రాయాలా వద్దా" అని ఆలోచించలేదు. జనగామ వచ్చిందంటే చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోయేది.

వాక్యం మధ్యలో ఆపడం మొదట్లో తప్పనిసరై చేసింది. తర్వాత దాని లాభం తెలిసింది. మర్నాడు జనగామ దాటగానే ఖాళీ తెర కాదు, సగం వాక్యం ఎదురుచూస్తూ ఉండేది. దాన్ని పూర్తి చేయడానికి తెలివి అక్కర్లేదు. అది పూర్తయ్యేసరికి రెండోది దొరికేది. ఇప్పటికీ నేను పేరా పూర్తి చేసి లేవను. పూర్తి చేశానా, మర్నాడు మళ్లీ మొదటినుంచి నెట్టుకు రావాలి.

2020 మార్చిలో రైళ్లు ఆగిపోయాయి. ఉగాది ఆ ఏడు మార్చి 25న వచ్చింది, సరిగ్గా లాక్‌డౌన్ మొదటి రోజు. ఇంట్లో కావలసినంత ఖాళీ. ఉగాది పూట పచ్చడి తిని, ఇక రోజుకు రెండు గంటలు రాస్తానని ఇంట్లో అందరికీ చెప్పాను. అయిదు రోజులు రాశాను. ఆ తర్వాత మూడు నెలల పైన ఒక్క లైను లేదు. రోజుకు అరగంట దొరికినప్పుడు ఆరేళ్లు రాసినదాన్ని, రోజంతా దొరికితే రాయలేకపోయాను. అప్పుడు అర్థమైంది, నన్ను రాయించింది నా పట్టుదల కాదు, జనగామ స్టేషన్ అని.

మళ్లీ మొదలైంది ఎట్లాగంటే, మా ఇంటి నీళ్ల ట్యాంకుతో. పొద్దున మోటరు వేస్తే పైన ట్యాంకు నిండటానికి 25 నిమిషాలు పడుతుంది. ఆ సేపు ఎటూ పోవడానికి ఉండదు. మరిచిపోతే నీళ్లు పక్కింటి వాళ్ల గోడ మీదుగా కారతాయి, వాళ్లు పిలుస్తారు, మాట పడాలి. అందుకని మోటరు స్విచ్ పక్కనే మెట్ల మీద కూర్చునేదాన్ని. ఒకరోజు ఊరికే కూర్చోలేక ఫోను తీసి, ఎదురుగా ఆరేసిన వడియాల మీద నాలుగు లైన్లు రాశాను. ఆషాఢమాసం, పైగా మంగళవారం. ఏ మంచిపనీ మొదలుపెట్టని రోజు. అంతకుముందు ఒకసారి కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబర్ 9, తెలంగాణ భాషా దినోత్సవం కదా అని పెద్ద సంకల్పంతో మొదలుపెట్టింది తొమ్మిది రోజులు కూడా నిలవలేదు. ఈ మంగళవారంది ఇప్పటికీ నడుస్తోంది. మంచిరోజు చూసుకుని మొదలుపెడితే మొదటి రోజు మీద మోజు ఎక్కువైపోతుంది, రెండో రోజు చప్పబడుతుంది. మీరు రేపే మొదలుపెట్టండి, తిథి చూడకండి.

కాబట్టి పొద్దునా, రాత్రా అంటే నేను రెండూ చెప్పను. మీ రోజులో కదలని మేకు ఏదో వెతకండి. మీరు బడి సారు కాబట్టి మూడు తోస్తున్నాయి. బడి బస్సులో కూర్చునే సేపు, లీజర్ పీరియడ్ మొదటి సగం, లేదా సాయంత్రం పిల్లలంతా వెళ్లిపోయాక తాళం వేసేలోపు దొరికే సేపు. ఇందులో లీజర్ పీరియడ్‌ని నమ్మకండి. ఎవరో ఒక టీచర్ సెలవు పెడతారు, ఆ పీరియడ్ మీ నెత్తిన పడుతుంది. బస్సు మేలు.

అలవాటుకు 21 రోజులు అంటారు చూడండి, దాన్ని పట్టుకుని కూర్చోకండి. 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్, తన పేషెంట్లు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పట్టిందని రాసుకున్న మాట అది. చేతులు మారి మారి అన్నిటికీ 21 రోజులే అయిపోయింది. లండన్‌లో 96 మంది మీద చేసి 2009లో ప్రచురించిన పరిశీలనలో ఒక కొత్త పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టీ పనిని బట్టీ 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి అందులోనే ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ కనిపించలేదు. మీరు పన్నెండో రోజు ఒక పెళ్లికి పోయి రాయలేదు, "అంతా పోయింది" అనుకుని పదమూడో రోజు కూడా మానేశారు. సరుకు అయిపోవడానికి తోడు ఇట్లా కూడా జరిగి ఉంటుందని పందెం వేస్తాను. క్యాలెండర్ మీద టిక్కులు పెట్టే పద్ధతి నేను అందుకే మానేశాను. టిక్కు తప్పిన బాధ రాత తప్పిన బాధ కంటే ఎక్కువైపోయింది.

ఇక లెక్క. రోజుకు 200 పదాలు, వారానికి ఆరు రోజులు వేసుకున్నా 1,200. నా అనుభవంలో అందులో మూడో వంతు చెత్తబుట్టకే. మిగిలింది 800. అంటే నాలుగు వందల పదాలవి రెండు పోస్టులు. ఏడాదికి వంద పైనే. రోజూ 800 రాసి పన్నెండో రోజు ఆగితే మీకు పన్నెండు పోస్టులే వచ్చాయి కదా, మీరే చూసుకోండి. అకౌంట్స్ మనిషిని, ఈ లెక్క వేయకుండా ఉండలేను.

అసలు కష్టం రాయడంలో లేదు, ఏరుకోవడంలో ఉంది. మన దగ్గర చెరువు ఎట్లా పని చేస్తుందో చూడండి. వాన రోజూ పడదు. పడ్డ నాలుగు నెలల్లో పడ్డదంతా నిలవ చేస్తే, తూము తీసినన్ని రోజులు పొలానికి నీళ్లు పారతాయి. నిండితే మత్తడి, అంటే అలుగు, దుంకి కింది చెరువుకు పోతుంది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టిన కాకతీయుల నాటి నుంచీ మనకు తెలిసిన సంగతే. మీరు చెరువు తవ్వకుండా రోజూ వాన పడాలని చూస్తున్నారు.

నా చెరువు ఫోనులో ఒక నోటు. అందులో రోజుకు కనీసం ఒక్క లైను పడాలి. ఆలోచనలు రాసుకోకండి, అవి మర్నాటికి చచ్చిపోతాయి. చూసినది, విన్నమాట, అంకె, ఈ మూడే రాసుకోండి. "రైతుల కష్టాల మీద రాయాలి" అనేది పనికిరాని లైను. దాన్ని ఎప్పుడు తెరిచినా ఏమీ ఉండదు. ఎందుకో చెప్తాను.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ మీద రాయాలని నేను మూడు వారాలు తిరిగాను. ఎంత విస్తీర్ణం, ఎన్ని బస్తాలు, ఏయే జిల్లాల సరుకు... అన్నీ రాసుకొచ్చాను. ఒక్క పేరా నడవలేదు. నాలుగోసారి మిర్చి సీజన్‌లో పొద్దున్నే పోయి ఒకే ఒక్క బస్తా దగ్గర నిలబడ్డాను. ఖరీదుదారు బస్తా నోట్లోంచి కాదు, చెయ్యి లోపలికంటా పెట్టి పిడికెడు కాయలు తీశాడు. పిడికిట నలిపాడు. గలగలమంటే ఎండినట్టు, మెత్తగా అణిగితే తేమ ఉన్నట్టు. రెండు కాయల తొడిమలు చూశాడు, తెల్లబడ్డ తాలు కాయ ఒకటి పైకెత్తి రైతుకు చూపించాడు. మాట లేదు. రైతు తల తిప్పుకున్నాడు. ధర అక్కడే తగ్గిపోయింది. ఆ రోజు జెండా పాట ఎంతో పేపర్లో వస్తుంది, కానీ అది ఆ పూట మేలైన సరుకుకు పలికిన పై ధర. యార్డులో కుప్ప పోసుకున్న అందరికీ ఆ ధర రాదు. ఇదంతా ఆ ఒక్క కాయ నుంచి వచ్చింది. బస్తా దగ్గర పావుగంట నిలబడితే మూడు రోజులకు సరిపడా రాత దొరికింది. సరుకు తూచే దడువాయిల మీద ఒకటి, తేజ రకానికీ చపాట మిర్చికీ తేడా మీద ఇంకొకటి. మూడు వారాలు తిరిగిన నోట్సు ఇప్పటికీ అట్లాగే ఉంది.

మీ బడిలో కూడా ఇట్లాంటి కాయలు బోలెడు ఉంటాయి. "విద్యావ్యవస్థ" మీద రాయకండి. ఫీజు కట్టమని చీటీ ఇచ్చిన రోజు పిల్లవాడు ఆ చీటీని ఎన్ని మడతలు పెట్టి ఏ జేబులో పెట్టుకున్నాడో అది రాయండి.

ఏమీ తోచని రోజు సంగతి. అట్లాంటి రోజు, చేతకాని రోజు, జ్వరం వచ్చిన రోజు, ఇంట్లో శుభకార్యం ఉన్న రోజు నా నియమం ఒక్క వాక్యం. బతుకమ్మ తొమ్మిది రోజులూ నాకు అంతే. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా పువ్వు తేవడం, పేర్చడం, సత్తు పిండ్లు, చుట్టాలు. ఒక ఏడాది ఆ తొమ్మిది రోజుల్లో ఒక రోజు నేను రాసింది ఇదే: "తంగేడు పువ్వుకు ఈసారి ఊరు దాటి పోవలసి వచ్చింది." అంతే, పడుకున్నాను. పండుగ అయ్యాక ఆ లైను దగ్గర ఆగి, పదేళ్ల కింద మా కాలనీ వెనక తంగేడు ఎక్కడెక్కడ ఉండేది, అక్కడ ఇప్పుడు ఏముంది అని గుర్తు చేసుకుంటూ పోతే అయిదు రోజుల రాత అయింది. మేడారం జాతర అప్పుడు కూడా రాయాలని చూడకండి. రెండేళ్లకోసారి వచ్చే జనసముద్రం అది. బెల్లం మోసేవాళ్ల మాటలు, బస్సు ఎన్ని గంటలు ఆగిందో, ఇవి నోటులో పడేసుకుని ఇంటికొచ్చి తీరిగ్గా రాసుకోవచ్చు.

రోజూ పెట్టకండి అన్నాను కదా, దానికి ఇంకో కారణం ఉంది. ఇది నా పరువు పోయిన కథ. 2021 జూలై 25న రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ప్రకటించారు. ఊరంతా సంబరం. నేను ఆ రాత్రే కూర్చుని రాసి, ఆ రాత్రే పెట్టేశాను. అందులో ఏం రాశానంటే, వేయి స్తంభాల గుడి కట్టించిన రుద్రుడే రామప్ప కూడా కట్టించాడని. పొద్దునకల్లా ఒక రిటైర్డ్ టీచర్ గారు చాలా మర్యాదగా వాత పెట్టారు. "అమ్మా, హన్మకొండ గుడి కాకతి రుద్రదేవుడిది, 1163. రామప్ప గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడిది, 1213. మీరు చెప్పిన రుద్రదేవుడు అప్పటికి చనిపోయి పదిహేనేళ్లు దాటింది." ఇద్దరూ రుద్రులే, నాకు తెలియని సంగతి కూడా కాదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న గుళ్లు. తొందరలో చెయ్యి జారింది. మర్నాడు పొద్దున చదువుకుని ఉంటే నాకే కనిపించేది. అప్పటినుంచీ ఇవాళ రాసింది ఎల్లుండి కంటే ముందు బయటికి పోదు. మధ్యలో ఒక రోజు అచ్చంగా పేర్లు, ఏళ్లు, అంకెలు సరిచూడటానికే. ఆ రోజు చేసే పని కూడా రాత కిందికే వస్తుంది, ఆ 25 నిమిషాలు దానికే పెట్టండి.

ఏ భాషలో రాయాలన్నది మీరు అడగలేదు గానీ, మన వైపు చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. నోటికి ఒకటి వస్తుంది, చెయ్యి బడి పుస్తకం భాష రాస్తుంది. ప్రతి వాక్యానికీ ఈ తర్జుమా జరిగితే 25 నిమిషాల్లో 60 పదాలే అవుతాయి. మొదటిసారి నోటికి వచ్చినట్టే రాసేయండి. "గట్ల", "ఎందుకంటవా", "ఆడికి పోయినం", ఏది వస్తే అది. సరిచూసే రోజు ఏది ఉంచాలో, ఏది మార్చాలో చూసుకోవచ్చు. నేను కథనం మామూలు తెలుగులో ఉంచి, మనుషుల మాటలు వాళ్లవి వాళ్లకే వదిలేస్తాను. మా అత్తమ్మ సకినాలు చేస్తూ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను ఒకసారి. తడి పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ బట్ట మీద చుట్టు చుట్టు తిప్పుతోంది. నేను ఫోను పట్టుకుని కూచున్నాను. "గిది గూడ రాస్తవా బిడ్డా? గిదెవలు సదువుతరు?" అంది. ఆ మాటతోనే మొదలుపెట్టాను. ఎవరు చదువుతారన్న ఆమే ఇప్పుడు ఏదన్నా పాత మాట గుర్తొస్తే "రాసుకో" అని పిలుస్తుంది.

ఫోనులో టైపింగ్ నెమ్మదైతే మాట్లాడి రాయించండి. సాయంత్రం భద్రకాళి బండ్ మీద నడుస్తూ నేను చాలా రాస్తాను ఇట్లా. మామూలు తెలుగు బాగానే పట్టుకుంటుంది. మత్తడి, దడువాయి, సర్వప్ప (సర్వపిండి) లాంటివి చెప్తే మాత్రం ఏదో ఒకటి రాసి నవ్విస్తుంది. అవి తర్వాత దిద్దుకోవాలి.

ఏఐతో రాయించుకోవచ్చా అని ఈమధ్య ప్రతివాళ్లూ అడుగుతున్నారు. అక్షరదోషాలు చూడమనండి, తప్పులేదు. మొదటి ముసాయిదా మాత్రం అడగకండి. అడిగితే క్షణంలో ఇస్తుంది, మీరు ఆ 25 నిమిషాలు ఊరికే కూర్చుంటారు. అలవాటు మీకు కదా కావాలి.

ఎంతమంది చదివారన్న అంకె వారానికి ఒక్కసారి చూడండి, ఆదివారం. వరంగల్ కోట కీర్తి తోరణాల మీద తొమ్మిది రోజులు కష్టపడి రాసినదాన్ని నలభై మంది చదివారు. సర్వపిండికి గిన్నె అడుగున పిండి ఎంత మందంగా అద్దాలి, చిల్లులు పెట్టి నూనె ఎప్పుడు వేయాలి అని ట్యాంకు నిండేలోపు గిలికినదాన్ని ఇప్పటికీ జనం వెతుక్కుని వచ్చి చదువుతున్నారు. రోజూ ఆ అంకె చూసి ఉంటే నేను తోరణాల జోలికి మళ్లీ పోయేదాన్ని కాదు. పోయాను, ఇంకో రెండు రాశాను, అవీ ఎవరూ చదవలేదు. పర్వాలేదు.

చివరగా పేరు సంగతి. ప్రైవేటు బడిలో పని చేస్తూ బడి గురించి రాస్తే యాజమాన్యం ఊరుకోదు, ఆ టెన్షన్‌తో రాయలేరు. కాబట్టి మొదటి మూడు నెలలు కలం పేరు పెట్టుకోండి, లేదా బడి కాకుండా వేరే సంగతులు రాయండి. హుజూరాబాద్ సంత ఉంది, మీ వైపు పత్తి ఏరే కూలీలు ఉన్నారు, మానేరు ఉంది. ఏ పేరుతో రాసినా పిల్లల అసలు పేర్లు మాత్రం వద్దు. తరగతి, ఊరు, తండ్రి పని, ఈ మూడూ ఒక్కచోట రాస్తే ఆ పిల్లవాడెవరో చిన్న ఊళ్లో ఇట్టే తెలిసిపోతుంది. ఒకటి మార్చండి. ఫీజు చీటీ పిల్లవాడి గురించి రాస్తే, వాణ్ని ఆడపిల్లను చేసినా నష్టం లేదు, మడతలు మాత్రం లెక్క తప్పకుండా రాయండి.